కందూరుకు పోయే కత్తి

ఫరీద్ మాంసం తినడు. యాటలు కోయడమే పనిగా బతికిన మనిషి మాంసం ముట్టడంటే కొత్తవాళ్ళు నవ్వుతారు. మర్పల్లి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు మాత్రం ఇది పాత సంగతి. ఆయన వచ్చి, బిస్మిల్లా చెప్పి, యాటను కోసి, చేతులు కడుక్కొని వంటల దగ్గరికి వెళ్ళి "జర పప్పుంటే పెట్టుండ్రి చెల్లె" అని అడిగేవాడు. తాండూరు కందిపప్పు తిన్న నోటికి ఇంకేదీ ఎక్కదని ఆయన వాదన. అందుకే ఆయన వచ్చే విందుల్లో పెద్ద గంజుల నిండా మాంసం ఉడుకుతుంటే, పక్కన చిన్న గిన్నెలో ముల్లా సాబు కోసం పప్పు కూడా ఉడికేది.

దర్గాకు మొక్కుకొని, కోరిక తీరాక అక్కడే యాటను, అంటే మేకనో పొట్టేలునో, కోయించి, చుట్టాలకూ ఊరివాళ్ళకూ వండిపెట్టే విందును కందూరు అంటారు. చేసేవాళ్ళలో చాలామంది హిందువులే. కోసేది మాత్రం ముల్లా. ఆయన చెయ్యి పడకపోతే మొక్కు తీరినట్టు కాదు. ఫరీద్ తండ్రి తాజుద్దీన్ ఆ ఊళ్ళకు ముల్లా. ఆయన పోయాక కత్తీ ఊళ్ళూ రెండూ కొడుక్కి వచ్చాయి. భార్య జహీరాబీ పుట్టిల్లు తాండూరు కావడంతో కాపురం అక్కడికి మారింది గాని ఊళ్ళు మారలేదు. ఎవరైనా ఫోన్ చేస్తే చాలు, పొద్దున్నే రైలెక్కి వికారాబాద్‌లో దిగి, అక్కణ్ణించి బస్సో ఆటోనో పట్టుకొని వెళ్ళేవాడు.

కత్తికి తాండూరు బండ ముక్క మీద తనే సాన పట్టేవాడు. తండ్రి రుమాలులో చుట్టి చేతిసంచి అడుగున పెట్టుకొనేవాడు. యాటకు ముందు నీళ్ళు తాగించమనేవాడు. దాని కంటికి కత్తి కనపడనిచ్చేవాడు కాదు. చుట్టూ మూగిన పిల్లల్ని కసిరి పంపించేవాడు. అంత పద్ధతి గల మనిషిని మనవాళ్ళు ఒక పొద్దుటిపూట దారిదోపిడి దొంగను చేశారు. ఎట్లా చేశారో చెప్పాలంటే ముందు ఒక తాగుబోతు సంగతి చెప్పాలి.

మర్పల్లి దగ్గరి ఒక ఊళ్ళో బీరన్న, హన్మమ్మ అనే దంపతులున్నారు. గొర్రెలు కాసి బతికిన ఇల్లు, ఇప్పుడు కొంత సేద్యం కూడా ఉంది. హన్మమ్మకు మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేకపోయినప్పుడు బీరన్న ఊరి బయటి గుట్ట మీది దర్గాకు మొక్కాడు. ఆమె లేచి నడిచింది. మొక్కు పేరున ఒక పొట్టేలును విడిచారు. అట్లా విడిచిన పొట్టేలును అమ్మరు, అడిగినవాళ్ళకు ఇవ్వరు, పైరులో పడ్డా కొట్టరు. కోతలయ్యాక మంద దోమ మండలం వైపు పొలాల్లో ఉంది. రేపు కందూరనగా, పొట్టేలును ట్రాలీ ఆటోలో ఎక్కించి తెమ్మని కొడుకు పరమేశ్‌ను పంపారు. దొంగ చేతికి తాళంచెవి ఇస్తున్నామని ఆ తల్లిదండ్రులకు అప్పుడు తట్టలేదు.

పరమేశ్ చెడ్డవాడు కాడని ఊళ్ళో అంటారు. నిజమే. చెడ్డవాడు కావడానికైనా కొంచెం పూనిక కావాలి, అతనికి అది లేదు. ఎవరు పిలిస్తే వాళ్ళ వెంట పోయే రకం. వికారాబాద్ చేరేలోపే దోస్తుల దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. అనంతగిరి పక్కన ఒక రిసార్టులో గది తీసుకున్నారట. సీసాలున్నాయట, నంజుకోవడానికి ఏమీ లేదట. ట్రాలీలో పొట్టేలు నిలబడి ఉంది. రెండో గ్లాసు దాకా పరమేశ్ అది మొక్కు పొట్టేలని చెబుతూనే ఉన్నాడు. మూడో గ్లాసు తర్వాత చెప్పడం మానేశాడు.

తెల్లారి మత్తు దిగి చూసుకుంటే పొట్టేలు ట్రాలీలో లేదు, కడుపులో ఉంది. ఏదో పైత్యంలో ముళ్ళకంచె దాటబోయి పడ్డందుకు మోచేయి గీరుకుపోయింది, అంగీ చిరిగింది. అవతల తండ్రి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. చుట్టాలు దిగుతున్నారు, ముల్లా సాబు తాండూరులో బయలుదేరాడు, యాటేదిరా అని. పరమేశ్ నోటికొచ్చిన మాట అనేశాడు.

"దొంగలు కొట్టి గుంజుకపోయిన్రు నాయినా."

అంతటితో ఆగి ఉంటే అది ఇంటి అబద్ధం. నాలుగు తిట్లతో, రెండు దెబ్బలతో తీరిపోయేది. కాని పరమేశ్‌కు మల్లేశ్వర్ అనే బావ ఉన్నాడు. మల్లేశ్వర్‌కు ఉద్యోగం లేదు, సేద్యం లేదు, ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. దాని పేరు 'మన ఊరు మన కాపలా'. ఎవరి నుంచి కాపలానో అందులో రోజూ వచ్చిపడే వీడియోలు చూస్తే చంటిపిల్లలకు కూడా తెలిసిపోతుంది. గ్రూపు పెట్టిన నాటి నుంచి పాపం వాళ్ళకు ఒక్క దొంగా చిక్కలేదు. అట్లాంటివాడికి సొంత బావమరిదినే దోచుకున్నారన్న కబురు పండగలా వచ్చింది. పరమేశ్ వద్దంటున్నా వినకుండా వికారాబాద్ వచ్చి, అతన్ని బండి మీద ఎక్కించుకొని ఠాణాకు బయలుదేరాడు. దారిలోనే విచారణ కూడా ముగించాడు.

"గడ్డముండెనా ఆనికి?"

పరమేశ్‌కు తల పగిలిపోతోంది. "ఉండె."

"టోపీ?"

"ఉండె."

"కత్తి దూసిండా?"

చిరిగిన అంగీకి ఏదో ఒక కారణం కావాలి. "దూసిండు."

దొంగ తయారయ్యాడు. గడ్డం మల్లేశ్వర్ పెట్టాడు, టోపీ మల్లేశ్వర్ తొడిగాడు, కత్తి కూడా అతనే చేతికిచ్చాడు. పరమేశ్ చేసిందల్లా తల ఊపడమే. ఇక ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు, ఠాణాలో రాసుకునే పెద్దమనిషి రాసుకుంటూ పోయాడు. పొట్టేలును దొంగలు దేంట్లో ఎక్కించుకుపోయారు, పొట్టేలును గుంజుకున్నవాళ్ళు ట్రాలీనెందుకు వదిలేశారు, నీ నోరెందుకు వాసన కొడుతోంది అని ఒక్క ప్రశ్నా అడగలేదు. గడ్డం, టోపీ, కత్తి అన్నాక ఇంకా అడగడానికేముంటుంది? గ్రూపులో కబురు అప్పటికే పోయింది. కత్తులతో ముఠా తిరుగుతోంది, కనపడితే వదలొద్దు.

అదే వేళకు ఫరీద్ వికారాబాద్‌లో రైలు దిగాడు. బయలుదేరే ముందు తాండూరులో పక్కింటి పసిపిల్ల వేడుకకు ఒక మేకను కోసి వచ్చాడు. అంగీ చేతి అంచుకు చిన్న మరక అంటింది. ఆటోల దగ్గర చాయ్ తాగుతూ, ఇంకొంచెం చక్కెర వెయ్యమని బతిమాలుతున్నాడు. చాయ్ బండివాడు షుగరొస్తది సాబ్ అని వేళాకోళం చేస్తున్నాడు. అంతలో నాలుగు బండ్లు వచ్చి చుట్టూ ఆగాయి.

"సంచిల ఏముంది?" అని ఒకడు అడిగాడు.

"కత్తి," అన్నాడు ఫరీద్. దాచాలని ఆయనకు తోచలేదు. "కందూరుకు పోతున్న. బీరన్న ఇంట్ల."

నిజం చెప్పడమే ఆయన చేసిన తప్పు. చాయ్ గ్లాసు ఎగిరి పడింది. మొదటి దెబ్బ ఎవరు కొట్టారో ఆయన చూడలేదు, కిందపడ్డాక టోపీ కోసం వెతుక్కున్నాడు. రుమాలు విప్పి కత్తిని ఆయన ఒళ్ళో పెట్టి ఫోటో తీశారు. ఫోటోలో ఆయన నోరు తెరిచి ఏదో చెబుతున్నట్టు ఉంటుంది. ఆయన చెబుతున్నది బీరన్న ఫోన్ నంబరు. దాన్ని ఎవరూ వినలేదు. చాయ్ బండివాడు ఇన్నాళ్ళూ ఆయనకు చక్కెర వేసినవాడే, ఆ క్షణాన స్టవ్ తుడుచుకుంటూ కూర్చున్నాడు. అతన్ని అనడానికి లేదని కొందరంటారు. నేనంటాను. స్టవ్ ఎక్కడికీ పోదు, తర్వాత తుడుచుకోవచ్చు.

ఠాణాలో కూడా ఫరీద్ అదే మాట చెప్పాడు. "బీరన్నకు ఫోన్ చేయుండ్రి సార్. ఆయన పిలిస్తెనే వచ్చిన."

"గా బీరన్న యాటనే పోయింది," అన్నాడు రాసుకునే పెద్దమనిషి. "ఆయన కొడుకునే పొడవబోయినవ్. ఇంట్ల కందూరున్నదని నీకు తెలుసు, యాట వస్తదని తెలుసు. తెలిసినోడే చేసిన పని ఇది."

బుద్ధి అంటే అదీ. విందుకు పిలిచిన పిలుపే సాక్ష్యమైంది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటినాక బోడి మల్లన్న అంటారు, ఇక్కడ మల్లన్నను ఓడ ఎక్కకముందే నీళ్ళలోకి తోశారు. ఫరీద్ చెంపలు వాచాయి. ఇక పరమేశ్‌ను లోపలికి పిలిచి, వీడేనా అని అడిగారు.

పరమేశ్‌కు ఫరీద్ చిన్నప్పటి నుంచి తెలుసు. దర్గా దగ్గర యాటను కోస్తుంటే తొంగిచూసి, ఆయన చేత కసిరించుకొని పారిపోయిన పిల్లల్లో అతనొకడు. "పరమేశ్, నేను బేటా," అన్నాడు ఫరీద్, ఇక బయటపడ్డానన్న ధైర్యంతో. పరమేశ్ తల ఎత్తలేదు. బావ అతని భుజం మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు.

"చీకటుండె సార్," అన్నాడు పరమేశ్. "గిట్లనే ఉండె."

గిట్లనే. లోకంలో గడ్డమున్న ప్రతివాడూ గిట్లనే ఉంటాడు మరి.

ఆ మధ్యాహ్నానికే నిజం బయటపడింది. పొట్టేలును కోసుకు తిన్న మొనగాళ్ళకు తలకాయ కాల్చుకోవడం చేతగాక చెట్ల వెనక్కి విసిరేశారు. రిసార్టు కాపలాదారు నర్సింహులు దాన్ని చూశాడు. అతనిదీ గొర్రెలు కాసిన ఇల్లే. మందలు కలిసిపోయినప్పుడు ఎవరివి వాళ్ళు ఏరుకోవడానికి గొర్రెల చెవులకు కోత పెడతారు, ఏ ఇంటి కోత ఆ ఇంటిదే. కాల్చుకుందామని తలకాయ ఎత్తిన నర్సింహులు చెవి చూసి ఆగాడు. బీరన్నకు ఫోన్ చేశాడు. "అన్నా, మీ చెవికోత ఉన్న తలకాయ గీడ పడున్నది. రాత్రి పిల్లగాండ్లు కోసుకొని తిన్నరు. మీ పరమేశ్ గూడ ఉండె. మొక్కుది కాదు గద?"

బీరన్న కొడుకును పశువుల కట్టెతో బాదాడు. హన్మమ్మ ఆపలేదు. "ముందు పోయి గా మనిషిని ఇడిపించుకరా," అంది భర్తతో. బీరన్న చెప్పులు కూడా వేసుకున్నాడు. గడప దగ్గర మల్లేశ్వర్ అడ్డం నిలబడ్డాడు. నిజం చెబితే కేసు పరమేశ్ మీదికే తిరుగుతుందన్నాడు. అబద్ధపు ఫిర్యాదు పెట్టినందుకు లోపలేస్తారు, పిల్లనెవరిస్తారు, ఊళ్ళో తలెట్లా ఎత్తుకుంటావు మామా అన్నాడు. తన గ్రూపు పరువు సంగతి మాత్రం అనలేదు. బీరన్న చెప్పులు విడిచాడు. మంచివాడని పేరున్న మనిషి ఎంత తొందరగా కూలబడతాడో చూడాలంటే అతన్ని కొడుకు దగ్గర తూచాలి.

మర్నాడు పెద్దమనుషులతో కలిసి ఠాణాకు వచ్చి బీరన్న ఒక మాట చెప్పాడు. "మా పోరడు సరిగ గుర్తుపట్టలే సార్. గీయన కాడు." దొంగతనమే జరగలేదని చెప్పలేదు. దొంగలు ఉన్నారు, వాళ్ళు వేరే ఎవరో. ఇట్లా ఫరీద్‌ను విడిచిపెట్టారు, దొంగను మాత్రం బతకనిచ్చారు. ఆ గడ్డం, ఆ టోపీ, ఆ కత్తి ఎక్కడో తిరుగుతూనే ఉన్నాయి. కత్తి తిరిగిచ్చేటప్పుడు, ఇకనుంచి ఇట్లాంటివి పట్టుకొని తిరగొద్దని ఫరీద్‌కు బుద్ధులు కూడా చెప్పారు.

బయట బీరన్న నేల చూస్తూ నిలబడ్డాడు. "పొరపాటైంది ఫరీద్ భాయ్. దొంగలు వేరేటోళ్ళట."

చెంపలు వాచి సరిగా నోరు తెరవలేని ఫరీద్ అతన్ని అడిగింది ఒకటే. "యాట దొరికిందా మరి?" మొక్కు పొట్టేలు పోయిన ఇంటివాణ్ణి ఓదార్చాలని ఆయనకు అనిపించింది. బీరన్న దొరకలేదన్నాడు.

ఫోటో ఠాణాలో సంతకం పెట్టి బయటికి రాలేదు కదా, దానికి ఎవరి విడుదలా అక్కర్లేదు. వికారాబాద్‌లో దారిదోపిడి ముఠాగా బయలుదేరింది, తాండూరు చేరేసరికి పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అయింది. నెల కిందట ఏ ఇంటి పెళ్ళిలో ఫరీద్ యాటలు కోశాడో, ఆ ఇంటి పెద్దకొడుకు దాని కింద 'చూస్తేనే అనుమానం వచ్చె' అని రాశాడు. ఆ అనుమానంతోనే ఆ రోజు మూడుసార్లు మాంసం వేయించుకొని తిన్నాడు కాబోలు.

ఊళ్ళ నుంచి ఫోన్లు తగ్గాయి. కాదని మొహం మీద ఎవరూ అనలేదు, అంత నిజాయితీ ఎక్కడిది? ఈసారి చిన్నగా చేసుకుంటున్నాం సాబ్, కోడితో సరిపెడుతున్నాం సాబ్, చికెన్ షాపులోనే తెచ్చుకుంటున్నాం సాబ్. కూతురు తహసీన్ డిగ్రీ చదివి తాండూరులో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేది. పిల్లల తల్లిదండ్రులు ఫోటో పట్టుకొని వచ్చారు. మాటలు సద్దుమణిగే దాకా కొన్నాళ్ళు ఇంట్లో ఉండమ్మా అన్నారు బడివాళ్ళు. ఆ కొన్నాళ్ళు ఇప్పటికీ అయిపోలేదు. ఫరీద్ అన్నం ముందు కూర్చొని తినకుండా లేచేవాడు. పప్పు కూడా ఎక్కడం లేదా అని జహీరాబీ అడిగితే చెయ్యి కడుక్కొని బయటికి వెళ్ళేవాడు. ఆయనకు అవమానం కంటే ఒక సందేహం ఎక్కువ బాధ పెట్టేది. ఆ దొంగలు నిజంగా ఎవరై ఉంటారు, వాళ్ళ మూలంగా కదా తనకీ గతి అని, లేనివాళ్ళను తలచుకొని తిట్టుకొనేవాడు. పరమేశ్‌ను ఒక్కనాడూ తిట్టలేదు. పిల్లవాడు బెదిరిపోయి ఉంటాడని భార్యకు తనే సర్దిచెప్పేవాడు.

ఏడాది తిరిగాక బీరన్న తాండూరు వచ్చి ఫరీద్ ఇంటి తలుపు కొట్టాడు. హన్మమ్మ మోకాళ్ళు మళ్ళీ పట్టేశాయట. మొక్కు తీరలేదు కదా. వేరే ముల్లాను పిలుద్దామంటే ఆమె ఒప్పుకోలేదట. "గా మనిషికి అన్యాయం చేసినం. గా మనిషి చెయ్యి పడితెనే తీరుతది, లేకుంటె నేను దర్గా ఎక్క," అన్నదట. ఏ అన్యాయమని ఫరీద్ అడిగాడు. అప్పుడు బీరన్న చాయ్ గ్లాసు చేతిలో పట్టుకొని, తాగకుండా, మొత్తం చెప్పాడు.

"తిన్నరా?" అన్నాడు ఫరీద్.

"తిన్నరు."

లోపలి గది గుమ్మంలో నిలబడి జహీరాబీ వింటోంది. "ఏడాది నుంచి మా ఆయన దొంగ, అన్నా," అంది. "నా బిడ్డ బడికి పోక ఇంట్ల కూసున్నది. నువ్వు తెలిసి నోరు మూసుకున్నవ్. మళ్ళ నీ పెండ్లాం మోకాళ్ళు నొస్తెనే మేం యాదికొచ్చినం." బీరన్న తాగని గ్లాసును కింద పెట్టాడు.

ఆమె వద్దంటుందని తెలిసే ఫరీద్ ఆమె వైపు చూడకుండా చెప్పాడు. "వస్త బీరన్నా. హన్మమ్మ చెల్లె కోసం వస్త. పైసలు వద్దు, ఏం వద్దు. ఒక్కటే. దర్గా కాడ అందరు కూసున్నంక పరమేశ్ లేసి నిలబడాలె. దొంగల్లేరు, యాటను నేనే తిన్న, ఫరీద్ చాచా తప్పేం లేదు అని నలుగుట్ల చెప్పాలె. గంతే."

"చెప్తడు," అన్నాడు బీరన్న. "నేను చెప్పిపిస్త."

"ఇంగొకటి. కత్తి పట్టుకొని నేను రోడ్డు మీద నడువ. పరమేశే వికారాబాద్ స్టేషన్ కాడికొచ్చి తీస్కపోవాలె."

బీరన్న దానికీ సరేనన్నాడు. ఆ వారం రోజులు ఫరీద్ ఇంట్లో మనిషి మారిపోయాడు. బండ ముక్క బయటికి తీసి కత్తికి సాన పట్టాడు. తహసీన్‌ను పిలిచి, పరమేశ్ మాట్లాడేటప్పుడు ఎవరి చేతనైనా వీడియో తీయించమంటావా అని అడిగాడు. బడివాళ్ళకు చూపించవచ్చని ఆయన ఆశ. అబద్ధం ఫోన్లో తిరిగింది కాబట్టి నిజం కూడా తిరుగుతుందని అనుకున్నాడు, పిచ్చి మారాజు.

కందూరు రోజు పరమేశ్ బైకు వేసుకొని వికారాబాద్ రైల్వే స్టేషన్‌కు వచ్చాడు. ఫరీద్ రుమాలు చుట్టిన కత్తిని అతని చేతికిచ్చాడు. పరమేశ్ దాన్ని తన భుజం సంచిలో పెట్టుకున్నాడు. బండి బయలుదేరింది. కాసేపటికి, ముందు చూస్తూనే, "మాఫ్ చెయ్ చాచా," అన్నాడు పరమేశ్. గాలికి సరిగా వినపడలేదేమో అని మళ్ళీ ఇంకోసారి అన్నాడు. ఫరీద్‌కు కళ్ళు చెమర్చాయి. "నాతోటి కాదు బేటా, అక్కడ చెప్పు," అని వీపు తట్టాడు.

పంచాయతీ ఎన్నికల రోజులు. ఊరు దాటాక రోడ్డుకు అడ్డంగా బారికేడ్లు పెట్టి ఇద్దరు పోలీసులు వాహనాలు తనిఖీ చేస్తున్నారు. ముందు పోయే బండ్లను చేత్తో ఊపి పంపిస్తున్నవాళ్ళు ఈ బండిని ఆపారు. ఇద్దరున్న బండి మీద ఒక్కణ్ణే దిగమన్నారు. ఎవరినో చెప్పనక్కర్లేదు. ఫరీద్ చేతిసంచి తీసి బోర్లించారు. ఒక లుంగీ, ఒక తువ్వాలు, జహీరాబీ కట్టిచ్చిన రొట్టెలు కిందపడ్డాయి. ఇద్దరిలో చిన్నవాడు ఆయన మొహంలోకి పరకాయించి చూశాడు.

"నిన్ను యాడనో చూసిన. కత్తి ఫోటోల ఉన్నోనివి గద?"

"గా కేసు లేదు సార్. ఇడిసిపెట్టిన్రు."

"ఇడిసిపెడితే దొంగవు కానట్టా? యాడికి పోతున్నవ్?"

ఫరీద్ పరమేశ్ వైపు చూశాడు. చెప్పవలసినవాడు పక్కనే ఉన్నాడు కదా అని. పోలీసు కూడా అటే తిరిగి అడిగాడు. "ఏం తమ్మీ, నీకేమైతడు ఈయన?"

పరమేశ్ బండి మీద కూర్చునే ఉన్నాడు. భుజాన సంచి ఉంది. దాని పట్టీని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నాకు తెల్వదు సార్," అన్నాడు. "స్టేషన్ కాడ లిఫ్టడిగిండు."

"ఎవరిని పడితే వాళ్ళని ఎక్కించుకోకు," అన్నాడు పోలీసు, తమ్ముడికి చెప్పినంత ప్రేమగా. "దినాలు మంచిగ లేవు. నువ్వు పో." పరమేశ్ సంచి వైపు ఎవరూ చూడలేదు. చూడాలని వాళ్ళకు తోచనే లేదు. అతనికి గడ్డం లేదు మరి.

ఫరీద్ దగ్గర ఏమీ దొరకలేదు. ఏమీ దొరకనందుకు ఇంకాసేపు నిలబెట్టి, విసుగొచ్చాక పొమ్మన్నారు. మట్టి అంటిన రొట్టెలను దులిపి సంచిలో పెట్టుకొని ఆయన నడిచాడు. మలుపు తిరిగాక పరమేశ్ బండి ఆపుకొని ఎదురుచూస్తున్నాడు.

"ఎక్కు చాచా. కత్తి నా సంచిల ఉండె. భయమైంది."

"అవును," అన్నాడు ఫరీద్. "నా సంచిల ఉన్నప్పుడు నాకు గూడ భయమైంది."

"ఆడ చెప్త చాచా. దర్గా కాడ చెప్త, నీమీదొట్టు."

"ఇద్దరు పోలీసోళ్ళ ముందు నేనెవరో చెప్పనీకి నీకు నోరు రాలె. ఊరంత కూసున్న కాడ నిన్ను నువ్వే తిట్టుకుంటవా?" ఆయన గొంతులో కోపం లేదు, ఉంటే పరమేశ్‌కు కొంచెం తేలికగా ఉండేది. "పో బేటా. టైమైతుంది."

"అమ్మ నీకోసం చూస్తుంటది. ఏం చెప్పాలె?"

"లిఫ్టడిగినోడు నడిమిట్లనే దిగిపోయిండని చెప్పు."

పరమేశ్ బండి దిగలేదు, స్టార్టు కూడా చెయ్యలేదు. సంచి తీసి కత్తిని తిరిగిచ్చేయబోయాడు. ఫరీద్ చేతులు చాపలేదు. అది తాజుద్దీన్ కత్తి, తాజుద్దీన్ రుమాలు. ఇక ఆ ఊళ్ళలో యాటలెవరు కోస్తారో ఆ ఊళ్ళే చూసుకోవాలి. ఆయన రోడ్డు దాటి అవతలి వైపు నిలబడ్డాడు. వికారాబాద్ పోయే బస్సు వస్తే ఎక్కాడు. పక్కన ఖాళీ ఉన్నా, ఎక్కినవాళ్ళు ఒక్కొక్కరూ ఆయన గడ్డం చూసి, ముందుకు పోయి నిలబడ్డారు.